పేపర్లు ఎక్కువ ఉన్న చోటే పరిశోధన చేయాలా?

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. తన పేరుగానీ, పనిచేసే కళాశాల పేరుగానీ బయటికి రాకూడదని కోరారు కాబట్టి సారాంశాన్ని మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 33 ఏళ్లు. ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తూ, రెండేళ్ల కిందట పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకున్నారు. ఇళ్లమీద, పొలాల దగ్గర, ఊరి సబ్‌స్టేషన్ పరిధిలో చిన్న స్థాయిలో తయారయ్యే సౌర, పవన విద్యుత్తు ఆమె ఎంచుకున్న రంగం. అందులో పరిశోధన ఏ దిక్కుగా సాగుతోందో తెలిపే సమీక్షా వ్యాసం ఒకటి ముందుగా రాయమని గైడుగారు చెప్పారు. ఆమె పరిశోధనా వ్యాసాల సూచిక అయిన స్కోపస్ నుంచి కొన్ని వేల పేపర్ల వివరాలు దించుకుని, వాటిలోని కీలకపదాలను ఒక సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే రంగురంగుల వృత్తాలతో పటం వచ్చింది. ఎక్కువ పేపర్లు వచ్చిన విషయాలు పెద్ద వృత్తాలుగా, తక్కువ వచ్చినవి చుక్కలుగా కనిపించాయి. ఎం.పి.పి.టి. (ప్యానెల్ నుంచి ఆ క్షణంలో రాగల గరిష్ఠ విద్యుత్తును రాబట్టే పద్ధతి) అల్గారిథమ్‌లు, సౌర-పవన హైబ్రిడ్ వ్యవస్థల సైజింగ్ (ఏది ఎంత ఉండాలో లెక్కగట్టడం), ఊరి స్థాయి చిన్న విద్యుత్ వ్యవస్థలైన మైక్రోగ్రిడ్ల నియంత్రణ, మెషీన్ లెర్నింగ్‌తో ఉత్పత్తిని అంచనా వేయడం పెద్ద వృత్తాలు. వీటిలో ఒకటి తీసుకుని సిమ్యులేషన్ చేస్తే రెండేళ్లలో థీసిస్ ఇచ్చేయవచ్చన్నది గైడుగారి మాట. వ్యాసాన్ని పంపిన పత్రిక మాత్రం, ఇంత లెక్కించి మీరు కనుక్కున్నదేమిటని అడిగి తిప్పి పంపింది.

ఇంతలో ఇంటినుంచి మరో చిక్కు వచ్చింది. ఉరవకొండ వైపు పల్లెలో ఉండే ఆమె అన్నగారు నిరుడు మేడమీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నారు. ఎండ బాగా ఉన్న వేళ, ప్యానెళ్ల కరెంటును ఇంటికి, లైనుకు పనికొచ్చే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఆగిపోతోంది, కాసేపటికి దానంతటదే మళ్లీ మొదలవుతోంది. దీనికితోడు, కొండల మీద అంతంత గాలిమరలు తిరుగుతున్నాయి కదా, మన మేడమీద కూడా చిన్నది ఒకటి పెడదామా అని ఆయన అడుగుతున్నారు. రెండింటికీ ఆమె జవాబు చెప్పలేకపోయారు. 'ఇంత సదివినావు, ఇదొక్కటి చెప్పలేవా పాపా' అని తండ్రి అన్న మాట ఆమె మనసులో నాటుకుంది. పదోన్నతికి పీహెచ్‌డీ కావాలి, త్వరగా ముగించమని భర్త అంటున్నారు, ఇంట్లో ఐదేళ్ల పాప ఉంది. గైడు చెప్పిన అంశమే చేసేయాలా, ఉద్యోగం మాని ఫెలోషిప్‌తో పూర్తికాలం చేయాలా, లేక గైడునే మార్చుకోవాలా అని ఆమె అడిగారు.

సమాధానం:

మీరు చివర అడిగిన మూడు ప్రశ్నలకంటే, ఇంటి చిక్కుగా చెప్పి వదిలేసిన ఇన్వర్టర్ సంగతిని ముందు మాట్లాడదాం. ఎండ ఎక్కువగా ఉన్నప్పుడే ఆగడం, దానంతటదే తిరిగి మొదలవడం అనే రెండు లక్షణాలూ వోల్టేజీ పెరుగుదలకు బాగా సరిపోతాయి. మీ అన్నగారి ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైను చివర ఉందేమో కనుక్కోండి. మన పల్లెల్లోని లైన్లు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటివైపే వస్తుందన్న లెక్కతో వేసినవి. సాయంత్రం అందరూ వాడుకునే వేళ చివరి ఇంటికి వోల్టేజీ మరీ పడిపోకుండా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్‌ను (వోల్టేజీని మెట్లుగా సర్దే అమరికను) కాస్త పైమెట్టులో ఉంచడమూ ఉంది. మధ్యాహ్నం ఇంట్లో వాడకం తగ్గి, మేడమీది కరెంటు ఎదురు దిశలో లైనులోకి పోవాలంటే ఇంటి దగ్గరి వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి వోల్టేజీ కంటే ఎక్కువ కాక తప్పదు. ఈ లైన్లలో రియాక్టెన్స్ (ఏసీ కరెంటు మారుతుండటం వల్ల వచ్చే అడ్డు) కంటే రెసిస్టెన్స్ (తీగలోని మామూలు నిరోధం) ఎక్కువ కాబట్టి, తీగ సన్నగా పొడవుగా ఉన్నకొద్దీ ఆ పెరుగుదల హెచ్చుతుంది. చిన్న ఉత్పత్తి వ్యవస్థలను లైనుకు కలపడానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చేసిన నిబంధనల ప్రకారం, వోల్టేజీ 110 శాతం దాటితే, అంటే 230కి 253 దాటితే, ఇన్వర్టర్ 2 సెకన్లలోపు లైను నుంచి విడిపోవాలి. కాబట్టి అది పాడైందని కంపెనీవాళ్లతో తగాదా పెట్టుకునే ముందు, ఇన్వర్టర్ లాగ్‌లో, అంటే అది తనంతట రాసుకునే నమోదులో, ఆగిన ప్రతిసారీ నమోదైన వోల్టేజీ ఎంతో చూడండి. వోల్టేజీయే కారణమైతే, మోటరు, వాషింగ్ మెషీన్ వంటివి మధ్యాహ్నానికి మార్చుకోవడం, ఇంటిని మరో ఫేజుకు మార్చమనో ట్యాప్ సరిచేయమనో విద్యుత్ పంపిణీ సంస్థకు లాగ్ ప్రతితో అర్జీ పెట్టడం మీ అన్నగారి చేతిలో ఉన్న పనులు. ఇన్వర్టర్ సెట్టింగుల్లో వోల్టేజీ హద్దును పెంచేస్తానని ఎవరైనా మెకానిక్ అంటే ఒప్పుకోవద్దని చెప్పండి. ఆ హద్దు ఇంట్లోని, పక్కింట్లోని వస్తువులను కాపాడటానికి పెట్టింది.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కూడా కాదు. కోటి ఇళ్ల మీద సోలార్ లక్ష్యంగా 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తున్నారు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇప్పుడు రెండు ఇళ్లకు సోలార్ ఉన్న చోట రేపు పది ఇళ్లు పెట్టుకుంటే ఆ లైను ఎంతవరకు భరించగలదు? హోస్టింగ్ కెపాసిటీ అన్న పేరుతో మీరు ఈ ప్రశ్నను చదివే ఉంటారు. మీ పటంలో అది ఎంత పెద్ద వృత్తమో నాకు తెలియదు గానీ, మీ అన్నగారి ఇంటి చిక్కు వెనక ఉన్నది అదే ప్రశ్న.

ఇప్పుడు పటం దగ్గరికి వద్దాం. ఒక వృత్తం పెద్దదవడానికి ఆ విషయం ముఖ్యమైనది కావడం ఒక కారణం. దానిమీద పేపరు రాయడం సులువు కావడం మరో కారణం, నా ఉద్దేశంలో చాలాచోట్ల ఇదే బలమైనది. ఎం.పి.పి.టి.నే తీసుకోండి. కంప్యూటర్, మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, పరికరం కొననక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. అందుకే తోడేలు పేరుతో, కోకిల పేరుతో, తిమింగలం పేరుతో అల్గారిథమ్‌లు వచ్చి, ఇక పేరు పెట్టడానికి జంతువు మిగలని పరిస్థితి వచ్చింది. బజారులో దొరికే మంచి ఇన్వర్టర్ ఇప్పటికే 99 శాతానికి పైగా సామర్థ్యంతో ఆ పని చేస్తోంది. పాక్షిక నీడ పడే సందర్భాలను పక్కనపెడితే, మిగిలిన ఆ కాస్తలో మీరు సంపాదించగలిగేది చాలా తక్కువ.

హైబ్రిడ్ సైజింగ్ కథ వేరు. అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలలో 1990లలో తయారైన హోమర్ సాఫ్ట్‌వేర్‌తో, కరెంటు లేని ఊరికి ఎన్ని ప్యానెళ్లు, ఎంత గాలిమర, ఎన్ని బ్యాటరీలు కావాలో లెక్కగట్టడం అప్పట్లో నిజమైన అవసరం. మన దేశంలో జనావాసమున్న గ్రామాలన్నిటికీ గ్రిడ్ కరెంటు చేరిందని 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు. బిహార్‌లోని ధర్నాయి గ్రామంలో 2014లో 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ పెడితే, తరువాత గ్రిడ్ కరెంటు చవకగా వచ్చి అది మూలపడిన సంగతి పత్రికల్లో వచ్చింది. అయినా పేపర్లలో మాత్రం మన పల్లెలు ఇంకా కరెంటు లేని పల్లెలుగానే ఉన్నాయి. రాయలసీమలోని ఒక మారుమూల గ్రామం అని మొదలయ్యే పేపరు మీ జాబితాలో కనిపిస్తే, ఆ ఊరికి 11 కె.వి. లైను ఉందో లేదో చూడండి. బ్యాటరీల విషయంలో కాలదోషం ఇంకా ఎక్కువ. 2010లో కిలోవాట్-గంటకు 1,000 డాలర్లు దాటిన లిథియం ప్యాక్ సగటు ధర 2024కు 115 డాలర్లకు వచ్చింది కనుక, పాత ధరతో తేల్చిన సైజింగ్ ఫలితాలు ఇప్పుడు దాదాపు పనికిరావు.

కొన్ని ధోరణులు నిజంగానే ముందుకు పోతున్నాయి. పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం పదార్థంతో చేసే సౌర ఘటాల సామర్థ్యం 2009లో 3.8 శాతం ఉండగా, వాటిని సిలికాన్ మీద పొరగా వేసిన టాండెమ్ ఘటాలు 2024లో ప్రయోగశాలలో 34 శాతం దాటాయి. అది మెటీరియల్స్ వారి పని, మీకు కాదు. మీకు దగ్గరైనది ఇన్వర్టర్ల ధోరణి. వోల్టేజీ కొంచెం తేడా వస్తే లైను వదిలేసి పారిపోవాలన్నది ఇన్వర్టర్‌కు పాత నియమం. రియాక్టివ్ పవర్‌ను (పనికి ఖర్చుకాకుండా లైనులో అటూఇటూ ఊగే విద్యుత్తును) హెచ్చుతగ్గులు చేస్తూ వోల్టేజీని నిలబెట్టడానికి సాయపడాలన్నది ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘమైన ఐ.ఇ.ఇ.ఇ. తన 1547 ప్రమాణాన్ని 2018లో మార్చినప్పుడు వచ్చిన నియమం. కాలిఫోర్నియా, హవాయి, ఆస్ట్రేలియా లైన్ల మీద ఈ పని చాలా జరిగింది. మన లైన్లు వేరు. సింగిల్ ఫేజు ఇళ్లన్నీ ఒకే ఫేజుమీద పడి ఉండటం, పగటిపూట మాత్రమే కరెంటు వచ్చే వ్యవసాయ ఫీడర్లు, రెసిస్టెన్స్ ఎక్కువై రియాక్టివ్ పవర్ ప్రభావం తగ్గే సన్నటి తీగలు మనవి. అక్కడి సెట్టింగులు ఇక్కడ ఎంతవరకు పనిచేస్తాయన్నది కొలిచి చూస్తేనే తేలుతుంది.

మీ సమీక్షా వ్యాసాన్ని పారేయకండి. దించుకున్న పేపర్లను రెండుగా విడదీయండి. కంప్యూటర్‌లో మాత్రమే చేసినవి ఒకవైపు, నిజమైన లైనుమీదో మేడమీదో కొలిచిన అంకెలున్నవి ఒకవైపు పెట్టండి. కొలిచినవాటిలో ఏ దేశం, ఏ వాతావరణం, ఎన్ని నెలల కొలత అన్నది మరో పట్టికగా వేయండి. అనంతపురం, కర్నూలు, కడప లైన్ల మీద కొలిచినవి ఎన్నో విడిగా లెక్కించండి. 2017లో పూర్తిస్థాయిలో నడక మొదలుపెట్టిన గని-శకునాల 1,000 మెగావాట్ల సౌర పార్కు, ఎన్.పి.కుంట, మైలవరం పార్కుల మీద వచ్చిన పేపర్లు కలిసి ఉంటే తీసేయండి. అవి పెద్ద లైన్ల ద్వారా దూరానికి కరెంటు పంపే కేంద్రాలు, మీ రంగం కావు. ఈ విభజన చేశాక వచ్చే పట్టికే పత్రిక అడిగిన ప్రశ్నకు జవాబు. అల్గారిథమ్‌ల కిందకు ఎన్ని పేపర్లు వచ్చాయో మరొకరు కూడా లెక్కిస్తారు. కొలత ఎక్కడ జరగలేదో లెక్కించేవారు తక్కువ.

మేడమీద గాలిమర సంగతి. మీ అన్నగారికి వద్దని చెప్పవచ్చు, కారణాలతో సహా. గాలిలోని శక్తి వేగం ఘనానికి అనుపాతంలో ఉంటుందని మీకు తెలుసు. అడ్డులేని చదును నేలకు సాధారణంగా వాడే లెక్క ప్రకారం, 100 మీటర్ల ఎత్తున ఉన్న వేగంలో 10 మీటర్ల ఎత్తున మిగిలేది సుమారు 72 శాతం. శక్తి అయితే 37 శాతమే. ఊరి మధ్య వేపచెట్లు, పక్క మేడలు ఉంటే అదీ రాదు. పైగా గాలి సుడులు తిరిగి గాలిమర దిక్కు మార్చుకోవడంతోనే సరిపోతుంది. 2 మీటర్ల వ్యాసమున్న చిన్న గాలిమరకు సెకనుకు 4 మీటర్ల వేగంతో స్థిరంగా గాలి వీచినా, ఆ వృత్తంలో పోయే శక్తి సుమారు 120 వాట్లు. గాలిలోని శక్తిలో గాలిమర తీసుకోగల గరిష్ఠ వాటా, అంటే బెట్జ్ పరిమితి 59.3 శాతాన్ని ఏ యంత్రమూ దాటలేదు కనుక, నష్టాలన్నీ పోను చేతికి వచ్చేది 30, 40 వాట్లు. రామగిరి కొండల మీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయంటే అది కొండ ఎత్తు, స్తంభం ఎత్తు చేసే పని.

అంతమాత్రాన చిన్న గాలిమర మీద పరిశోధనే దండగ అనను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు బలంగా ఉండే నెలల్లో మబ్బువల్ల సోలార్ తగ్గుతుంది, సాయంత్రాల్లోనూ గాలి వీస్తూనే ఉంటుంది. ఈ రెండూ ఒకదానికొకటి తోడుగా వస్తాయన్న ఆలోచనతోనే కేంద్రం 2018లో హైబ్రిడ్ విధానం తెచ్చింది. ఊరి బయట పొలంలో 20, 30 మీటర్ల ఎత్తున ఈ తోడు నిజంగా ఎంత అని ఒక ఏడాది కొలిస్తే, ఫలితం 'లాభం లేదు' అని వచ్చినా అది మంచి అధ్యాయమే. అయితే స్తంభానికి, గాలి వేగం కొలిచే అనిమోమీటర్లకు ఖర్చవుతుంది, ఒక సంవత్సరం తప్పనిసరిగా పడుతుంది. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ 120, 150 మీటర్ల ఎత్తులకు వేసిన పవన పటాలు ఈ ఎత్తుకు సరిపోవు కాబట్టి, కొలతకు ప్రత్యామ్నాయం లేదు. మీ పరిస్థితిలో దీన్ని ముఖ్యాంశంగా పెట్టుకోవడం నాకు సమంజసంగా తోచడం లేదు.

ఇక మీ ముందున్న దారులు. గైడుగారు చెప్పిన అంశం చేసేస్తే పట్టా వస్తుంది, పదోన్నతి వస్తుంది. ఇది తప్పేమీ కాదు, పిల్లతో, ఉద్యోగంతో చదువుకునే మనిషి అలా నిర్ణయించుకుంటే ఎవరూ వేలెత్తి చూపకూడదు. దాని ఫలితం మాత్రం తెలిసి ఉండాలి. అంత రద్దీ ఉన్నచోట మీ పేపరు మంచి పత్రికలో రావడం కష్టం, వైవాలో 'ఇది దేనికి' అన్న ప్రశ్న వస్తుంది, పట్టా తరువాత అదే దారిలో ప్రాజెక్టు నిధులు అడగడానికి చేతిలో కొత్తది ఉండదు. పత్రికలో వ్యాసం రావాలన్న తప్పనిసరి నిబంధనను యూజీసీ 2022 నవంబరు నిబంధనల్లో తీసేసింది గానీ, విశ్వవిద్యాలయాలు తమ నియమం తాము పెట్టుకోవచ్చు. మీ విశ్వవిద్యాలయం నియమావళిని ఒకసారి చదువుకోండి, గైడుగారి తొందరలో సగం ఆ నియమం వల్లనే అయి ఉండవచ్చు.

రెండో దారి, నా మొగ్గు దీనివైపే. గైడుగారి అల్గారిథమ్ నైపుణ్యాన్ని వదలకుండా, దాన్ని ఎం.పి.పి.టి. నుంచి తీసి వోల్టేజీ సమస్య మీద పెట్టడం. లైను చివరి ఇళ్లలో సోలార్ పెరిగినప్పుడు ఇన్వర్టర్ల రియాక్టివ్ పవర్, ఉత్పత్తి తగ్గింపు ఎలా అమర్చితే అందరికీ సమంగా నష్టం తక్కువ అవుతుంది అన్నది ఆప్టిమైజేషన్ ప్రశ్నే. ఇప్పుడు నష్టమంతా చివరి ఇంటివాడిదే. అతని ఇన్వర్టరే ముందు ఆగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ పక్కింటివాడికి ఏమీ కాదు. ఈ న్యాయం సంగతి థీసిస్‌కు మంచి వెన్నెముక అవుతుందని నా నమ్మకం. దీనికి ఇబ్బందులు లేకపోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీటరు పెట్టాలంటే పంపిణీ సంస్థ అనుమతి కావాలి, అది నెలలు పట్టవచ్చు, రాకపోనూవచ్చు. కాబట్టి దానిమీద ఆధారపడకుండా మొదలుపెట్టండి. ఇన్వర్టర్ల లాగ్‌లు ఆయా ఇంటి యజమానులవే, వారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలు. మీ అన్నగారి ఇల్లు, కళాశాల మేడ, తెలిసిన మరికొన్ని ఇళ్లతో వేసవి, వానాకాలం, చలికాలం మూడూ పట్టేలా ఒక ఏడాది వివరాలు తీసుకోవచ్చు. గైడుగారు చెప్పిన రెండేళ్లకు ఇంచుమించు మరో ఏడాది కలపవలసి వస్తుంది. మీ భర్తగారితో మాట్లాడేటప్పుడు ఆ ఏడాదిని దాచకుండా ముందే చెప్పండి.

అనుమతి కోసం ఎదురుచూడడం మీ స్వభావానికి సరిపడదనుకుంటే ఇంకొకటి ఉంది. మే నెలలో మన వైపు ప్యానెల్ వేడి 65 డిగ్రీలకు చేరితే, 25 డిగ్రీల దగ్గర కొలిచిన సామర్థ్యంలో 12 నుంచి 14 శాతం అక్కడే పోతుంది. దానిమీద దుమ్ము. తాడిపత్రి, బేతంచెర్ల పాలిష్ యూనిట్ల రాతిపొడి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము, పొలాల ఎర్రమట్టి ఒకేలా అంటుకోవు. సిమెంటు దుమ్ము మంచుతడికి గట్టిపడితే వాన కూడా కడగలేదు. నీళ్లు కరువైన చోట ఎన్ని రోజులకు ఒకసారి కడిగితే గిట్టుబాటు అన్న ప్రశ్నకు కడిగిన ప్యానెల్ ఒకటి, కడగనిది ఒకటి, కొలతలు నమోదుచేసే లాగర్ ఒకటి చాలు. ఇది చిన్న అంశం, థీసిస్ అంతా నిలబెట్టడానికి మోడలింగ్ జోడించాలి, కానీ పూర్తిగా మీ చేతిలో ఉండే పని.

ఉద్యోగం మానడం గురించి. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000, సీనియర్‌కు 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. మీ జీతం దీనికి ఎంత అటూఇటూగా ఉందో మీరు రాయలేదు. మన ప్రైవేటు కళాశాలల్లో చేతికొచ్చే జీతం కాగితంమీది జీతం ఒకటి కాకపోవడం నేను విన్నదే కనుక, డబ్బు లెక్క మీ భర్తగారు ఊహించినంత ఘోరంగా ఉండకపోవచ్చు. అయితే దీనికి నెట్ లాంటి జాతీయ అర్హత పరీక్షో, ఏదైనా ప్రాజెక్టులో స్థానమో కావాలి, చేతికి రాకముందే రాజీనామా ఇవ్వకండి. తిరిగి అదే ఉద్యోగం దొరుకుతుందన్న హామీ ఉండదు. జీతం లేని సెలవు మీద ఒక ఏడాది వెళ్లే వీలుందేమో కళాశాలను అడిగి, జవాబును కాగితం మీద తీసుకోండి.

గైడును మార్చుకోవడం చివరి మాట. మీ ఉత్తరంలో ఆయన మిమ్మల్ని ఆపినట్టు ఎక్కడా లేదు. సులువైన దారి చూపారు, అంతే. మార్చితే ఆయన సమ్మతి, కొత్త గైడు దగ్గర ఖాళీ, విశ్వవిద్యాలయం ఆమోదం మూడూ కావాలి, ఒక సెమిస్టరు దానికే పోతుంది. అందుకని ముందు ఆయనతో మాట్లాడండి, ఖాళీ చేతులతో కాకుండా, పైన చెప్పిన రెండు పట్టికలు, మీ అన్నగారి ఇన్వర్టర్ లాగ్ ఒక నెలది పట్టుకుని వెళ్లండి. 'పెద్ద వృత్తం వద్దు' అని మొదలుపెట్టకండి, మీ అల్గారిథమ్‌ను ఈ సమస్యకు వాడితే ఎలా ఉంటుందని అడగండి. ఆయన ఒప్పుకుంటే వచ్చే సెమిస్టరు పరిశోధనా సలహా సంఘం సమావేశంలో మార్పును ఒక పేజీలో పెట్టండి. ఒప్పుకోకపోయినా ఆ పేజీ అక్కడ పెట్టవచ్చు. సభ్యుల అభ్యంతరాలు ఏమైనా ఉంటే మినిట్స్‌లో రాయించుకోండి, తరువాత అంశం మార్పుకో గైడు మార్పుకో మీరు పెట్టుకునే అర్జీకి ఆ కాగితమే ఆధారం అవుతుంది.